వరండాలో మూడో తరగతి

రాష్ట్రంలోని పిల్లలందరికీ ఏకాగ్రత కుదరాలని ప్రభుత్వం వారికి ఒక సోమవారం నాడు తోచింది. మంగళవారానికల్లా దానికొక సంస్థ ఏర్పడింది. బుధవారానికి ఒక చిహ్నం, గురువారానికి ఒక పాట తయారయ్యాయి. అసలు ఏం చెయ్యాలన్న సంగతి శుక్రవారం నుంచి ఆలోచించడం మొదలుపెట్టారు.

సంస్థ పేరు సంపూర్ణ ఏకాగ్రతా సాధన సంస్థ. జిల్లాకొక ఏకాగ్రతాధికారి. రేవుపాలెం జిల్లాకు వచ్చిన అధికారి పరాంకుశం గారు అంతకు ముందు చాలాకాలం చేపల శాఖలో పని చేశారు. మంచివాడు, నిబంధన దాటనివాడు. చేపకు కనురెప్పలుండవు కనుక సృష్టిలో ఏకాగ్రతకు చేపను మించిన ఆదర్శం లేదని ఆయన ప్రారంభోత్సవ సభలో సెలవిచ్చారు. సభ చప్పట్లు కొట్టింది. మర్నాడు ఆఫీసు బోర్డు మీద ఒక కొర్రమేను బొమ్మ వెలిసింది. చేప మార్కెట్టు ఇక్కడికి మారిందనుకుని కొన్నాళ్లు జనం సంచులతో వచ్చి వెళ్లేవారు.

ఈ గొడవలేవీ ప్రసూనకు తెలియవు. ఆవిడ రేవుపాలెం బస్టాండులో మైకు గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో చెప్పే ఉద్యోగం చేస్తుంది. ఊళ్లో సగం మంది ఆవిడ గొంతు విని పరిగెత్తినవాళ్లే. అంతమందిని తన మాట వినిపించి బస్సెక్కించిన మనిషి, ఇంట్లో కూతురి చేత రెండో కాలికి మేజోడు తొడిగించలేకపోయేది.

కూతురు పేరు ధృతి. ఎనిమిదేళ్ల పిల్ల, మూడో తరగతి. మంచినీళ్లు తెమ్మంటే వంటింట్లోకి వెళ్లి, గ్లాసు తీసి, దాన్ని చెవికి ఆనించుకుని, అందులో వినిపించే హోరు ఏ సముద్రానిదో తేల్చుకోవడానికి పెరట్లోకి వెళ్లిపోయేది. నీళ్లడిగినవాళ్లు దాహంతో పడి ఉండవలసిందే. ఇది వినడానికి ముద్దుగానే ఉంటుంది. కాని సాయంత్రం హోంవర్కు వేళ ఆ ఇంట్లో ముద్దులేమీ ఉండేవి కావు. నాలుగు లెక్కలకు రెండు గంటలు పట్టేది. ప్రసూన కేకలు వేసేది, ధృతి ఏడ్చేది, ఆ తర్వాత ప్రసూన ఏడ్చేది.

ఒక రోజు ధృతి వెక్కిళ్ల మధ్య అంది. “అమ్మా, నేను వినాలనే కూర్చుంటానే. మాట సగం దూరం వచ్చి దిగిపోతుంది.”

బస్టాండులో పెరిగిన పిల్ల కదా, అలాగే చెప్పింది. ప్రసూనకు కళ్లు చెమర్చాయి. ఇది అల్లరి కాదని, డాక్టరుకు చూపించాలని ఆ పూటే నిశ్చయించుకుంది.

“డాక్టరెందుకే దానికి?” అంది అత్తగారు మాణిక్యాంబ, టీవీ మీంచి చూపు తిప్పకుండా. “కాళ్లూ చేతులూ లక్షణంగా ఉన్నాయి. గిరి చిన్నప్పుడు ఇంతకంటే అన్యాయం. వాడిప్పుడు ఉద్యోగం చెయ్యట్లేదూ?”

ఆ ఉద్యోగం చేస్తున్న గిరిధర్, అంటే ప్రసూన భర్త, ఆ సమయంలో బండి తాళం కోసం బియ్యం డబ్బాలో వెతుకుతున్నాడు.

పెద్దాసుపత్రిలో పిల్లల మానసిక వైద్యురాలు నఫీసా గారు ప్రసూన చెప్పిందంతా విన్నారు. ఎప్పటి నుంచి ఇలా ఉందని, ఇంట్లోనా బళ్లోనా రెండు చోట్లా అని అడిగారు. ధృతిని దగ్గరకు పిలవబోయి ఆగిపోయారు.

“నాకు ఇప్పుడే చూడాలనుందమ్మా. కాని కొత్త ఉత్తర్వు వచ్చింది. ప్రైవేటుకైనా సర్కారుకైనా ఒకటే రూలు,” అని ఒక కాగితం పైకి తీసి చదివారు. “‘ఏకాగ్రతా లోపము కలదని ధ్రువీకరింపబడని బాలబాలికలను, ఏకాగ్రతా లోపము కలదా అని వైద్యులు పరీక్షింపరాదు.’”

“అంటేనండీ?”

“ఉందని తేలాకే ఉందో లేదో చూడాలి. మూడుసార్లు చదివాను. చివరికి నాకే ఏకాగ్రత తక్కువేమోనని అనుమానం వచ్చింది. మీరు ఏకాగ్రతాధికారి దగ్గర పత్రం తీసుకురండి. ఆ రోజే చూస్తాను.”

బళ్లో సంగతి ఇంకా ముందుకు పోయింది. ఏకాగ్రత విషయం తేలని పిల్లలు తేలిన పిల్లల దృష్టి మరల్చకుండా, తేలేవరకు వాళ్లను వరండాలో కూర్చోబెట్టమని ఆదేశం వచ్చింది. ఆ వరండా ముందు రోడ్డు. రోడ్డు అవతల గజ్జెలు కట్టిన చెరకు రసం మిషను. కుడి పక్కన ఇద్దరు వడ్రంగులు బెంచీలు చేస్తున్నారు. దూలం మీద పిచ్చుకలు కాపురం పెట్టాయి. ఏకాగ్రత కుదరని పిల్లలకు ఇంతకంటే అనువైన చోటు జిల్లాలో మరొకటి దొరకదు. అక్కడికి పంపినవాళ్లలో ధృతి మొదటిది.

“నేనేం చెయ్యనండీ, పైనుంచి వచ్చింది,” అంది క్లాసు టీచరు లలితకుమారి, ఆకాశం వైపు చూపిస్తూ. పిల్ల మొదటి రెండు రోజులూ పిచ్చుకల్ని చూసి సంబరపడింది. మూడో రోజు ఇంటికి వచ్చి, “అమ్మా, నేను మంచిదాన్ని అయితే లోపలికి రానిస్తారంట,” అంది.

ఆ మాట పట్టుకుని ప్రసూన సెలవు పెట్టి కొర్రమేను బొమ్మ ఉన్న ఆఫీసుకు వెళ్లింది.

పరాంకుశం గారు ధృతిని ఒక బల్ల ముందు కూర్చోబెట్టి, నిండా చుక్కలున్న కాగితం ఇచ్చారు. గొంతు సవరించుకున్నారు.

“బాలిక ఒక గంట కాలము కదలక మెదలక ఈ చుక్కలను లెక్కింపవలెను. మధ్యలో లేచినచో పరీక్ష రద్దగును.”

“అంతసేపు కూర్చోలేకపోతోందనే కదండీ తీసుకొచ్చాను?”

“కూర్చోలేకపోవుటను నిరూపింపవలెనన్న ముందు కూర్చొనవలెను గదా అమ్మా.”

ధృతి బుద్ధిగానే మొదలుపెట్టింది. ఇంతలో గోడ మీద బల్లి ఒకటి పురుగును పట్టబోయింది. పిల్ల లేచి, “అయ్యో, పారిపో!” అని పురుగుకు సలహా ఇచ్చింది. పరాంకుశం గారు కాగితం వెనక్కి తీసుకుని, ఏకాగ్రత లేని కారణమున ఏకాగ్రతా పరీక్ష రద్దు చేయడమైనదని రాశారు.

“మరి లేదని రాశారు కదండీ, ఆ ముక్కే పత్రం మీద రాసివ్వండి!”

“అది రద్దునకు కారణము మాత్రమే. ఉన్నదో లేదో పరీక్ష పూర్తియైన గాని చెప్పజాలము.”

మరుసటి వారం మళ్లీ వెళ్లారు. ఈసారి ధృతి చల్లటి గదిలో కాసేపు చుక్కల్ని చూసి, బల్ల మీద తల వాల్చి నిద్రపోయింది. గంట గడిచింది. పరాంకుశం గారు ముగ్ధులైపోయారు.

“కదలలేదు, మెదలలేదు, పలుకలేదు. సంపూర్ణ ఏకాగ్రత! శుభాకాంక్షలు!”

“నిద్రపోయిందండీ!”

“నిబంధనలో కన్నులు తెరచి యుండవలెనన్న మాట లేదమ్మా.” ఆయన ముందుకు వంగి, గొంతు తగ్గించి, మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడారు. “నా మాట వినండి. ఏకాగ్రత ఉందని పత్రం తీసుకుపొండి. రేపే పాపను వరండాలోంచి లోపలికి పిలుస్తారు. అందరికీ హాయి.”

ప్రసూన బల్ల మీది పత్రం వంక చూసింది. దాని మీద బంగారు రంగులో చేప మెరుస్తోంది. తీసుకుంటే పిల్ల రేపు తరగతిలో ఉంటుంది. కాని ఇంకే డాక్టరూ దాన్ని చూడడానికి వీల్లేదు. ఆ నాలుగు లెక్కలూ, ఆ రెండు గంటలూ, ఆ ఏడుపూ పదో తరగతి దాకా అలాగే ఉంటాయి. ఆవిడ చెయ్యి పత్రం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

“వద్దండీ. లేనిది ఉందని రాయించుకుంటే, ఉన్నది పోదు కదండీ.”

పరాంకుశం గారు నిట్టూర్చి మళ్లీ గ్రాంథికంలోకి వెళ్లిపోయారు. పరీక్షా ఫలితముపై అభ్యంతరమున్నచో కుటుంబ సభ్యుల సాక్ష్యమును గ్రహించు అవకాశము కలదు. అయితే సాక్ష్యము చెప్పువారికి ఏకాగ్రత కలదని ముందుగా తేలవలెను. ఏకాగ్రత లేనివారు చూచితిమని చెప్పునది ఎట్లు నమ్మదగును?

సోమవారం ఇంటిల్లిపాదీ పరీక్షకు బయలుదేరారు. మాణిక్యాంబ కూడా వచ్చింది. ఆ రోజు వీధిలో కరెంటు లేదు, టీవీ రాదు, ఇంట్లో ఉండి చేసేదేముందని.

పరీక్ష ఏమిటంటే, సంస్థ అధ్యక్షులు ఏకాగ్రత మీద చేసిన ఉపన్యాసం తెర మీద వేస్తారు. చూసి, ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. ఉపన్యాసం మొదలైన కాసేపటికే ప్రసూనకు ఇంట్లో గ్యాసు కట్టేశానా లేదా అన్న అనుమానం వచ్చింది. కట్టేసిందని తేల్చుకునేసరికి అధ్యక్షులవారు నమస్కారం పెడుతున్నారు. గిరిధర్ ఫోను వచ్చిందని బయటకు వెళ్లి, మాట్లాడుతూ మాట్లాడుతూ పక్క ఆఫీసులో ఆధార్ క్యూలో నిలబడిపోయాడు. తన వంతు వచ్చి, అక్కడి అమ్మాయి వేలు పెట్టమంటే పెట్టాడు కూడా. తను వచ్చింది ఇందుకు కాదని అప్పుడు గుర్తొచ్చింది.

ఇద్దరూ తప్పారు. అప్పుడు వెనక కుర్చీలోంచి మాణిక్యాంబ అంది. “నన్నడగరా ఏమన్నా?”

పరాంకుశం గారు మర్యాద కోసం అడిగారు. “ఉపన్యాస మధ్యమున గౌరవ అధ్యక్షులవారు ఎన్ని పర్యాయములు జలము సేవించిరి?”

“మూడు. మూడోసారి తాగలేదు, తాగినట్టు నటించాడు. గ్లాసులో నీళ్లు తగ్గలేదు. ఆ గ్లాసందించిన పచ్చచీర ఆవిడకీ ఆయనకీ మాటల్లేవు నాయనా. ఇచ్చేటప్పుడు మొహం తిప్పుకుంది చూశావూ? వెనక నిలబడ్డ పొట్టాయన ఆవిడ వైపు మనిషి. ఆ కళ్లద్దాల కుర్రాడున్నాడే, వాడివల్ల ముందు ముందు ఏదో గొడవ ఉంది.”

పరాంకుశం గారు ఉపన్యాసం వెనక్కి తిప్పి చూసుకున్నారు. అక్షరం పొల్లు పోలేదు. లేచి నిలబడి చేతులు జోడించారు. రెప్ప వెయ్యకుండా సీరియళ్లు చూసిన ఇన్నేళ్ల సాధన ఊరికే పోలేదు. సంపూర్ణ ఏకాగ్రతా పత్రం అందుకున్న మొదటి వయోజనురాలిగా మాణిక్యాంబ జిల్లా చరిత్రకెక్కింది.

“అమ్మగారూ, ఇక తమ మనవరాలి విషయమై సాక్ష్యమీయుడు.”

ప్రసూన ఆశగా అత్తగారి వైపు చూసింది.

“మా మనవరాలికేం?” అంది మాణిక్యాంబ. “బంగారం.”

అర్హత గల ఏకైక సాక్షి మాట కనుక అదే నమోదైంది, బడి తరఫు సాక్ష్యం కూడా అందేదాకా తీర్పు మాత్రం ఆగింది. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ ప్రసూన అత్తగారితో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కూడా మాట్లాడలేదు. కరెంటు వచ్చింది గనుక మాణిక్యాంబ అది గమనించలేదు.

ఇక మిగిలింది క్లాసు టీచరు సాక్ష్యం. లలితకుమారి అరవై మంది పిల్లల పుస్తకాలు దిద్ది, వాళ్ల కొట్లాటలు తీర్చి పరీక్షకు వచ్చింది. తెర మీద అధ్యక్షులవారు కనిపించగానే అలవాటు కొద్దీ, “ఏయ్, ఆ చివర ఎవర్రా మాటలు?” అని గోడను గద్దించింది. తప్పింది. ఏకాగ్రత తేలని మనిషి తరగతి గదిలో ఉండరాదు కదా, మర్నాటి నుంచి ఆవిడకూ వరండాలో కుర్చీ వేశారు. ఈ అన్యాయం కనుక్కుందామని వెళ్లిన హెడ్మాస్టరు గారిని కూడా, వచ్చారు గదా అని పరీక్షించి పంపారు. ఆయన కుర్చీ కూడా వరండాలోకి వచ్చింది. టీచరు లేని గదిలో అల్లరి మొదలైంది, అల్లరి చేసినవాళ్లంతా అనుమానితులయ్యారు. నెల తిరిగేసరికి బడి మొత్తం వరండాలో ఉంది. లోపల నల్లబల్ల ఒక్కటే చెక్కు చెదరని ఏకాగ్రతతో మిగిలింది. చెరకు రసం బండివాడు రెండో మిషను కొన్నాడు.

ధృతికి ఇప్పుడు తోడు దొరికింది గాని, చదువు పూర్తిగా ఆగిపోయింది. అందరూ బయటే ఉన్నా, “ముందు నిన్నే పంపారు, నీవల్లే వచ్చింది ఇదంతా,” అని ఒకడు దాన్ని ఏడిపించాడు. ఆ సాయంత్రం పిల్ల హోంవర్కు దగ్గర కూర్చుని, పెన్సిలు పట్టుకుని, ఏమీ రాయకుండా ఊరికే ఏడ్చింది.

ప్రసూన మళ్లీ ఆఫీసుకు వెళ్లింది. ఈసారి దండం పెట్టలేదు.

“ఒక్క మాటండీ. మా బస్టాండులో ఎక్కేవాడికి టిక్కెట్టు అడుగుతాం. అంతకంటే ముందు నడిపేవాడికి లైసెన్సు ఉండాలి. పిల్లకి పత్రం అన్నారు, నాకు పత్రం అన్నారు, టీచరుకి పత్రం అన్నారు. ఇంతమందిని తేల్చే మీకు పత్రం ఉందాండీ?”

పరాంకుశం గారు నిబంధనల పుస్తకం తెరిచారు. ‘ధ్రువీకరించు ప్రతి వ్యక్తియు తాను ధ్రువీకరింపబడినవాడై యుండవలెను’ అని మొదటి పేజీలోనే ఉంది. ఇంకొకరైతే పేజీ తిప్పేసేవారు. ఆయన నిబంధన దాటని మనిషి. ముఖం తెల్లబోయింది.

“ఈ పుటను నేనెప్పుడును చూచి యుండలేదు,” అన్నారు నెమ్మదిగా.

ఆ పూటే ప్రధాన కార్యాలయానికి రాశారు. పదవుల్లో ఉన్నవారందరినీ, దగ్గరలో ఉన్న ధ్రువీకృత వ్యక్తి చేత పరీక్షింపజేయాలని జవాబు వచ్చింది. రేవుపాలెం జిల్లా మొత్తానికి అలాంటి పెద్దమనిషి ఒక్కరే ఉన్నారు.

అలా ఒక సాయంత్రం పరాంకుశం గారు చేతులు కట్టుకుని ప్రసూన ఇంటి ముందు గదిలో కూర్చున్నారు. మాణిక్యాంబ ఉపన్యాసం గట్రా అక్కర్లేదంది. ఎనిమిది గంటల సీరియల్ పెట్టింది.

“చూడు నాయనా. అయ్యాక అడుగుతాను.”

పాపం ఆయన కళ్లు పెద్దవి చేసుకుని చేపలాగే చూశారు. మధ్యలో ఫోను మోగింది. అటెండరు సంతకానికి కాగితాలు తెస్తే చదవకుండా అన్నిటి మీదా పెట్టారు. అందులో ఒకటి మాణిక్యాంబ గారి పాల చీటీ.

“ఈ ఏడుస్తున్నావిడ ఎవరో చెప్పు?”

“చనిపోయిన ఆవిడ…”

“చనిపోయిన ఆవిడ ఎలా ఏడుస్తుంది నాయనా? ఆవిడ చెల్లెలు! ఇందాకటి నుంచీ అదే కదా గోల!”

పరాంకుశం గారు తప్పారు. ఖాళీ అయిన కుర్చీలో, వేరే అర్హులు లేని కారణం చేత, శ్రీమతి మాణిక్యాంబను ఇన్‌చార్జి ఏకాగ్రతాధికారిణిగా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. పరాంకుశం గారు ఆవిడకు సహాయకులయ్యారు. మర్నాడు ఇంటి ముందు జీపు ఆగింది. మాణిక్యాంబ జరీ అంచు చీర కట్టుకుని, మందుల డబ్బా, మరచెంబు పట్టుకుని ఎక్కింది. పై అధికారులెవరూ తనిఖీకి రాలేదు. వస్తే తమను కూడా టీవీ ముందు కూర్చోబెడుతుందని భయం.

ప్రసూనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రాత్రి అన్నాల దగ్గర మౌనం విడిచి అడిగింది. “అత్తయ్యా, పిల్లకు లోపం ఉందన్న పత్రం మీద ఒక్క సంతకం పెట్టరూ?”

“ఇంటి సంగతి ఇంట్లో, ఆఫీసు సంగతి ఆఫీసులో,” అంది మాణిక్యాంబ, పప్పు వడ్డించుకుంటూ. “రేపు పదింటికి పిల్లను తీసుకుని రా. నా కంటితో చూడందే నేను సంతకం పెట్టను.”

మర్నాడు ధృతి మళ్లీ ఆ బల్ల ముందు కూర్చుంది. చుక్కల కాగితం చూసి మాణిక్యాంబ, “ఇదేవిటి, ముగ్గు పెట్టడానికా?” అని పక్కన పారేసింది. తెలుగు వాచకం తెరిచి, అయిదు లైన్లు చూసి రాయమంది. తను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. గదిలో టీవీ లేదు. చూడడానికి ఆ పిల్ల తప్ప ఇంకేమీ లేదు.

మాణిక్యాంబ చూసింది. సీరియల్ చూసినట్టే చూసింది.

ధృతి మొదటి లైను రాసింది. రెండో లైనులో సగం రాసి కిటికీ వైపు చూసింది. ఇంట్లో అయితే, “ఎటు చూస్తున్నావే?” అని ఒక కేక పడేది. ఇక్కడ కేక పడలేదు గనుక తర్వాత జరిగింది మాణిక్యాంబకు కనిపించింది. పిల్ల తనంతట తనే ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. ఎక్కడ ఆపిందో వేలు పెట్టి వెతుక్కుంది. దొరకలేదు. మళ్లీ మొదటి నుంచి చదువుకుంది. రాసింది. రాసిన మాటే మళ్లీ రాసింది. గమనించి, రబ్బరుతో చెరిపింది. కాగితం చిరిగింది. పెదవి కొరుక్కుని, పిడికిలితో తన నుదుటి మీద తనే కొట్టుకుని, “వినవే, వినవే,” అని లోపల్లోపలే గొణుక్కుంది. మళ్లీ పెన్సిలు పట్టుకుంది.

మాణిక్యాంబ ఆ చిన్న పిడికిలి రెండోసారి లేవకుండా పట్టుకుంది.

“అమ్మా ప్రసూనా,” అంది. “ఇది రోజూ ఇంత కష్టపడుతోందా?”

“రోజూ అత్తయ్యా.”

“నేను అల్లరనుకున్నానే. ఇది అల్లరి కాదే. మోయలేని మూట మోస్తోందే ఇది.” కళ్లు తుడుచుకుని, పరాంకుశం గారి వైపు తిరిగింది. “నాయనా, పత్రం ఇటు తే.”

“కాని అమ్మగారూ,” అన్నారాయన ఇబ్బందిగా, “బాలిక బంగారమని తమరు పూర్వము వాంగ్మూలము…”

“బంగారమే! కాదన్నానా? బంగారానికి జ్వరమొస్తే వైద్యుడికి చూపించరూ? తే ఇటు.”

సంతకం పెట్టింది. పనిలో పనిగా, బళ్లో అందరూ తక్షణం లోపలికి వెళ్లి కూర్చోవాలని ఇంకో కాగితం మీద కూడా సంతకం పెట్టింది. ఏ నిబంధన ప్రకారమని పరాంకుశం గారు అడిగితే, “ఎండ ప్రకారం,” అంది.

నఫీసా గారు అన్నట్టే ఆ రోజే ధృతిని చూశారు. ఊరికే ఒక్క చూపు చూసి తేల్చలేదు. కళ్లూ చెవులూ బాగున్నాయో లేదో పరీక్ష చేయించారు, నిద్ర గురించి అడిగారు, టీచరును పిలిపించి మాట్లాడారు, పిల్లతో ఆటలాడుతూ చాలాసేపు గడిపారు. ఇంకో రెండు సార్లు రమ్మని, ఆ తర్వాత చెప్పారు. లోపం ఉంది. ఎవరి తప్పూ కాదు, పిల్ల తప్పు అసలే కాదు. ముందు బెంచీలో కూర్చోబెట్టాలి. పని చిన్న చిన్న ముక్కలు చేసి ఇవ్వాలి. ప్రతి ముక్కకూ మధ్య లేచి తిరగనివ్వాలి. పక్కన ఒక మనిషి తిట్టకుండా కూర్చోవాలి. కొన్నాళ్లు చూసి, చాలకపోతే మందు సంగతి ఆలోచిద్దాం, దానికి భయపడక్కర్లేదు అన్నారు.

“తిట్టకుండానా?” అని గిరిధర్ ఆశ్చర్యపోయాడు. ఆ వెనువెంటనే, తనకు చిన్నప్పుడు అలా ఎవరైనా కూర్చుని ఉంటే బాగుండేదని అన్నాడు. కొడుకు చొక్కా గుండీ ఒక కాజా తప్పి పెట్టుకుంటే మాణిక్యాంబ విప్పి సరిగా పెట్టింది.

ఏదీ ఒక్క రోజులో జరగలేదు. కాని దసరా సెలవులు దాటేసరికి నాలుగు లెక్కలు నలభై నిమిషాలకు వచ్చాయి. ఏడుపు వారానికొకసారికి దిగింది. అప్పటికి ప్రసూనను సాయంత్రం డ్యూటీకి మార్చారు గనుక ధృతి పక్కన మాణిక్యాంబ కూర్చునేది. ఎనిమిది గంటల సీరియల్లో చెల్లెలికి ఏమైందో ఆవిడకు తెలియకుండా పోయింది.

ఇంతలో ప్రభుత్వం వారికే ఏకాగ్రత మీద ఏకాగ్రత సన్నగిల్లింది. ప్రజలు చాలినంతగా నవ్వడం లేదని వారికి తోచింది. పాత సంస్థను ఎత్తేసి సంపూర్ణ మందహాస సంస్థను పెట్టారు. చిహ్నమూ పాటా వచ్చేశాయి. ఒక సెలవు నాటి సాయంత్రం పరాంకుశం గారు జీపు దిగి, ఉత్తర్వు పట్టుకుని ఇంట్లోకి వచ్చారు.

“అమ్మగారూ, తమరికి బదిలీ. కొండల జిల్లాకు మందహాసాధికారిణిగా. బంగళా, వంటమనిషి, గోడంత టీవీ కలవు. జీపు సిద్ధముగా నున్నది.”

“నవ్వించాలా, నవ్వాలా?” అంది మాణిక్యాంబ.

“ఎవరికి నవ్వు కలదో ధ్రువీకరించుట.”

ఆరు నెలల కిందటైతే ప్రసూన పరుగున వెళ్లి అత్తగారి పెట్టె తనే సర్దేది. ఇప్పుడు గుమ్మం దగ్గర నిలబడి, కొంగు వేలికి చుట్టుకుంటూ అంది. “మీరు వెళ్లిపోతే దీని పక్కన ఎవరు కూర్చుంటారు అత్తయ్యా?”

మాణిక్యాంబ కోడలి మొహం వంక చూసింది. తర్వాత ఉత్తర్వు మడిచి పరాంకుశం గారి చేతిలో పెట్టింది.

“నాకిక్కడ డ్యూటీ ఉందని రాసెయ్ నాయనా.”

“ఏ డ్యూటీ అని వ్రాయమందురు?”

“ఇదిగో, నాలుగు లైన్లయ్యాయి. పిల్ల పెరట్లో తిరగడానికి వెళ్లింది. వచ్చి అయిదో లైను రాయాలి. అది రాసేదాకా నేను కదలకూడదు.”

ధృతి జామచెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, చేతిలో ఒక పిందెతో వచ్చి కూర్చుంది. పిందెను పక్కన పెట్టింది. దాని వైపు ఒకసారి చూసింది. మళ్లీ పుస్తకం వైపు తిరిగి అయిదో లైను మొదలుపెట్టింది. ప్రసూన గుమ్మంలోంచి తొంగి చూసింది. పరాంకుశం గారు వెళ్లడం మరిచి బల్ల పక్కనే నిలబడిపోయారు. బయట జీపు డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఎవరికీ వినిపించలేదు.